‘ఓకే’ పదనిరుక్తి

ఆంగ్లమున బుట్టి అనేకభాషలలో బ్రవేశించిన ‘ఓకే’ యను చిన్నమాటకు జెప్పబడిన వ్యుత్పత్తులు పెక్కులు. అమెరికాలోని చాక్టా జాతివారి భాషలో ‘అది యట్లే’ యను నర్థమిచ్చు పదమే దీనికి మూలమని కొందరు. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఈ మతమును నమ్మి తదనుగుణమైన వర్ణక్రమముతోనే వ్రాసెడివాడు. స్కాట్లండువారి ‘ఓఖ్ ఐ’ అనియు, గ్రీకుల ‘ఓలా కలా’ అనియు, పశ్చిమాఫ్రికాలోని వోలోఫ్ భాషాపదమనియు మరికొందరు. వీనిలో ధ్వనిసామ్యము కలదు, అర్థసామ్యమును కలదు. ఎవరినుండి ఎవరు ఎన్నడు గ్రహించిరను ప్రశ్నకు మాత్రము నిలువదగిన లిఖితసాక్ష్యము లేదు. ‘త్రిలింగ’ శబ్దమునుండి ‘తెలుగు’ను సాధించినవారి వాదములు చదివినవారి కీ చిక్కు క్రొత్తది కాదు.

సాక్ష్యము చూపిన పండితుడు అలెన్ వాకర్ రీడ్. 1963, 64 సంవత్సరములలో ‘అమెరికన్ స్పీచ్’ పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసములు ఈ వివాదమును చాలవరకు ముగించినవి. ఆయన నిఘంటువులను గాక పాత వార్తాపత్రికలను వెదకెను. 1838 ప్రాంతమున బోస్టను పత్రికలవారికి మాటలను పొడియక్షరములుగా గుదించుట యొక వేడుక; అందును తప్పువర్ణక్రమముతో గుదించుట మరింత వేడుక. ‘ఆల్ రైట్’ అనుటకు ‘ఓ.డబ్ల్యు.’ అని వ్రాసిరి. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’గా జెఱచి ‘ఓ.కే.’ చేసిరి. 1839 మార్చి 23వ తేదీ ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో నిది అర్థసహితముగా నచ్చయినది. ‘అంతయు సరి’ యని చెప్పు మాటలో నొక్క యక్షరమును సరికాకపోవుటయే యందలి హాస్యము.

ఆ వేడుకమాటలు దాదాపుగా నన్నియు నశించినవి. ఇది యొక్కటి నిలుచుటకు గారణము రాజకీయము. 1840 ఎన్నికలలో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరన్ పక్షమువారు, ఆయన జన్మస్థలమైన కిండర్‌హుక్ పేర ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని ఆయనను వ్యవహరించి, ‘ఓ.కే.’ సంఘమును స్థాపించిరి. ప్రతిపక్షులు ఊరకుండక, మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సనుకు అక్షరములు రావనియు, ఈ తప్పువ్రాత యాతనిదే యనియు బ్రచారము చేసిరి. వాన్ బ్యూరన్ ఓడెను, మాట గెలిచెను. జాక్సను కథకు సాక్ష్యముగా జూపబడిన 1790 నాటి న్యాయస్థానపు వ్రాతలో నున్నది ‘ఓ.కే.’ కాదు, ‘ఉత్తరువు నమోదైనది’ అనుటకు గుఱుతైన ‘ఓ.ఆర్.’ అని తరువాత దేలినది.

అర్థమును గొంత జాఱినది. ‘ఓకే’ యన్నది నేడు మెప్పుకంటె అభ్యంతరము లేదనుటకే యెక్కువగా జెల్లుచున్నది. మన వ్యవహారమున ‘సరే’ యుండగా నిది యేల వచ్చెనని యడుగవచ్చును. ‘సరే’ ప్రత్యుత్తరమునకు జాలును గాని క్రియలతో నంతగా గలియదు. ‘సంబంధము ఓకే అయినది’, ‘షాట్ ఓకే’ అనుచోట ‘సరే’ యిముడదు. ‘సరిచేసినాడు’ అన్నచో దిద్దినాడని యర్థము. ‘ఓకే చేసినాడు’ అన్నచో దిద్దక యంగీకరించినాడని.