పందెపు సైకిలు – పనివాని చేయి

ఆదివారం తెల్లవారుజామున గచ్చిబౌలి నుండి నానక్‌రామ్‌గూడ మీదుగా బాహ్యవలయ రహదారి వైపు వెళ్లే దారిలో నిలబడి చూచినవారికి ఒక ముచ్చటైన దృశ్యం కన్పిస్తుంది. వారమంతా గాజుమేడలలో కంప్యూటర్ల ముందు కూర్చుండి పనిచేసే యువతీయువకులు, శిరస్త్రాణాలు ధరించి, వంపు హాండిలుపై ఒదిగి, చీకటిని చీల్చుకొని సైకిళ్లపై సాగిపోతుంటారు. ఆ సైకిళ్లలో కొన్నింటిపై బియాంకి, కొల్నాగో, పినరెల్లో, డె రోసా వంటి పేర్లు వ్రాసి ఉంటాయి. ఇవన్నీ ఇటలీ దేశపు పందెపు సైకిళ్ల పేర్లు. వీటిలో పది లక్షల రూపాయలు దాటినవి కూడ ఉన్నవని వినగానే మనలో పలువురు నవ్వుకొంటారు. ఒక సైకిలు మీద ఇంత మమకారమేమి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాస లక్ష్యం.

ఇటలీ వారికి సైకిలు కేవలం వాహనం కాదు, వారి సామాజిక చరిత్రలో ఒక భాగం. మిలాన్ నగరంలో ఎదోఆర్దో బియాంకి 1885లో సైకిళ్ల తయారీ ప్రారంభించాడు. 1909లో ఆ దేశమంతటా చుట్టివచ్చే ‘జిరో ది ఇటాలియా’ పందెం మొదలైనది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం బియాంకి వారి లేత నీలిపచ్చ వర్ణపు సైకిలుపై ఫౌస్తో కొప్పి 1949లోను, 1952లోను ఇటలీ, ఫ్రాన్సు దేశాల మహాపందేలను రెండింటిని ఒకే ఏట గెలిచి జాతీయ వీరుడైనాడు. అదే కాలాన, 1948లో, వితోరియో డి సీకా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ చిత్రంలో సైకిలు పోయిన పేదవానికి బ్రతుకుతెరువే పోయినది. ఒకే వస్తువు ఒకరికి కీర్తిని, వేరొకరికి కూటిని ఇచ్చినదన్నమాట.

ఈ సైకిళ్ల గొప్పతనం పందెగాళ్ల కాళ్లలోనే గాక పనివాళ్ల చేతులలో కూడ ఉన్నది. విచెంజా పట్టణంలో ఇనుపసామాను దుకాణం నడిపేవాని కుమారుడు తుల్లియో కంపాన్యోలో. 1927 నవంబరులో మంచు కురుస్తున్న ఒక కొండదారిలో పందెం సాగుతుండగా, చక్రాన్ని ఊడదీయవలసి వచ్చి, వేళ్లు కొంకర్లుపోయి రెక్కల మర విప్పలేక అతడు వెనుకబడినాడని చెబుతారు. ఆనాటి బాధ నుండి పుట్టినదే, చిన్న మీటను త్రిప్పగానే చక్రం ఊడివచ్చే ఏర్పాటు. 1933లో అతడు స్థాపించిన సంస్థ గేర్లకు, బ్రేకులకు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఇక జొవాన్ని పినరెల్లో 1951 నాటి జిరో పందెంలో అందరికంటె చివర వచ్చినవాడు. మరుసటి ఏడు పందెంలో తన స్థానాన్ని వేరొకరికి వదలుకొన్నందుకు లభించిన లక్ష లీరాల పరిహారమే ట్రెవీజోలో అతని దుకాణానికి పెట్టుబడి అయినది.

మనం వాడే సాధారణ నల్లసైకిలు ఇరవై కిలోలకు అటుఇటుగా తూగుతుంది. ఉక్కుతో చేసిన పాత పందెపు సైకిలు తొమ్మిది పది కిలోలకు మించదు. ఇది ఎట్లు సాధ్యమైనది? 1919లో మిలాన్‌లో వెలసిన కొలంబస్ సంస్థ గొట్టాలలో ఆ రహస్యమున్నది. ఆ గొట్టం అతుకు పడే రెండు చివరల మందంగాను, నడుమ పలుచగాను ఉంటుంది. ప్రసిద్ధమైన ఒక రకంలో చివరల మందం 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.6 మిల్లీమీటర్లు మాత్రమే. బలం కావలసినచోట లోహముంచి, అక్కరలేనిచోట తీసివేయడమే అందలి నేర్పు. రెండు గొట్టాలు కలిసేచోట ఒక తొడుగు ఉంచి, ఇత్తడినో వెండినో కరిగించి అతుకుతారు. వేడి ఎక్కువైతే గొట్టం బలహీనపడుతుంది, తక్కువైతే అతుకు పట్టదు. దర్జీ బట్టకు కొలతలు తీసినట్లు పందెగాని కాళ్ల పొడవు, నడుము, చేతులు కొలిచి చట్రం కట్టేవారు. ఎడ్డీ మెర్క్స్ 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పిన సైకిలు ఆరు కిలోలకంటె తక్కువ బరువుతో ఎర్నెస్తో కొల్నాగో నిర్మించినదే.

కాలక్రమాన ఉక్కు స్థానాన్ని కార్బన్ నార ఆక్రమించినది. కొల్నాగో సంస్థ 1994లో వెలువరించిన ‘సి 40’ నమూనా, మరుసటి సంవత్సరమే రాళ్లు పరచిన దారులపై జరిగే పారిస్–రూబే పందెంలో విజయం సాధించి, కార్బన్ పెళుసనే అనుమానాన్ని పోగొట్టినది. ఇటీవల తదేయ్ పొగాచార్ 2020, 2021, 2024, 2025 సంవత్సరాలలో ఫ్రాన్సు మహాపందెం గెలిచినది కూడ కొల్నాగో సైకిళ్ల మీదనే. పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సమాఖ్య నియమం చేయవలసి వచ్చినదంటే బరువు తగ్గించడంలో మానవుని ప్రజ్ఞ ఎంతదూరం పోయినదో ఊహించవచ్చు. అయితే ఇటలీ పేరుతో అమ్ముడయ్యే కార్బన్ చట్రాలలో అనేకం నేడు ఆసియా దేశాల కర్మాగారాలలో తయారవుతున్నవి. పేరు ఎక్కడిదైనా పనితనం నేర్చిన చేయి ఎక్కడైనా పుట్టవచ్చును గదా!

మన నగరంలోని అభిమానులు రెండు తెగలు. పాత ఉక్కు సైకిలును సంపాదించి, తుప్పు తీసి, గేరు మీటను చేతితో తడుముకొంటూ మార్చడంలో ఆనందం పొందేవారు కొందరు. విద్యుత్తుతో గేర్లు మారే కొత్త కార్బన్ సైకిలును కోరేవారు మరికొందరు. దూరప్రయాణాలలో ఇరువురూ కలుసుకొంటారు. హైదరాబాద్ రాండనర్స్ వంటి బృందాలు నడిపే ‘బ్రెవే’ యాత్రలలో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటలలోను, 600 కిలోమీటర్లు 40 గంటలలోను పూర్తి చేయాలి. ఇందులో బహుమతి లేదు, పోటీ లేదు. ఈ సంప్రదాయానికి మూలం కూడ ఇటలీయే. 1897 జూన్ 12న కొందరు ఇటలీ సైకిలిస్టులు రోము నుండి నేపుల్సుకు దాదాపు 230 కిలోమీటర్ల దూరాన్ని ఒక్క పగటిలో తొక్కబూనినారు. నాటి నుండి ఇట్టి యాత్రలకు సాహసి అనే అర్థంగల ‘ఆడాక్స్’ అనే లాటిను మాట పేరైనది.

ఇక్కడ నా స్వవిషయం కొంత చెప్పుకొనుటకు పాఠకులు అనుమతింతురు గాక. షేక్‌పేటలో మా అబ్బాకు చిన్న సైకిలు దుకాణం ఉండేది. నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో, “మీ నాన్నగారేమి చేస్తారు?” అని ఎవరైన అడిగితే, “వ్యాపారం” అని తప్పుకొనేవాణ్ణి. ఒక సెలవునాడు నేను దుకాణంలో ఉండగా హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే యువకుడొకడు పాత ఇటలీ సైకిలును నడిపించుకొని వచ్చాడు. తొక్కినప్పుడల్లా పెడళ్ల నడుమ కిర్రుమని శబ్దం వస్తున్నదని, రెండుచోట్ల చూపినా ప్రయోజనం లేకపోయినదని అన్నాడు.

అబ్బా అట్టి సైకిలును అంతకుముందు ఎన్నడూ ముట్టలేదు. మన సైకిళ్లలో పెడలు ఇరుసును పట్టి ఉంచే కుడివైపు కప్పుకు ఎదురుమర ఉంటుంది. దానిని విప్పాలంటే గడియారపు ముల్లు తిరిగే దిశలో త్రిప్పాలి. ఆయన అలవాటు చొప్పున అటే కొద్దిగ త్రిప్పి, వెంటనే పానా ఆపివేశాడు. “బాబూ, ఇది విప్పితే బిగుస్తున్నది. దీని చూడీ వేరు” అన్నాడు. అది నిజం. ఇటలీ చట్రాలలో రెండువైపులా సాధారణ మరయే ఉంటుంది. అందువల్లనే కుడి కప్పు తొక్కగా తొక్కగా వదులవుతుంది. బలం చేసినచో మర చెడి చట్రమే పాడయ్యేది. అబ్బా కప్పును నిదానంగా బిగించి, పెడలు త్రిప్పి, చెవి ఆనించి విన్నాడు. శబ్దం లేదు. ఆ యువకుడు ఐదు వందలు ఇవ్వబోగా, “బిగించినందుకు యాభై చాలు” అన్నాడు. “భాయ్, ఇది ఎక్కడ నేర్చుకొన్నారు?” అని అతడడిగితే, “చెయ్యి చెప్పింది” అని నవ్వాడు.

చాలకాలం తరువాత కొల్నాగో జీవితం చదువుతుండగా ఈ సంఘటన నాకు జ్ఞప్తికి వచ్చినది. పసితనముననే సైకిలు కర్మాగారంలో పనికి కుదిరి, 1954లో కంబియాగో గ్రామంలో చిన్న దుకాణం తెరచిన కుర్రవాడతడు. మరుసటి ఏడు ప్రసిద్ధ పందెగాడు ఫియొరెంజో మాన్యి కాలునొప్పితో బాధపడుతుంటే, కొల్నాగో సైకిలును పరీక్షించి, పెడలు కడ్డీని పట్టి ఉంచే కాటరు పిన్ను సరిగా అమరలేదని కనిపెట్టి సరిచేశాడు. నొప్పి పోయినది. ఆ పనివాణ్ణి మాన్యి తన వెంట జిరో పందేనికి తీసుకొనిపోయాడు. కంబియాగో దుకాణం లోకప్రసిద్ధమైనది. షేక్‌పేట దుకాణం స్థానంలో నేడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చేతి విద్యలో ఆ ఇరువురి నడుమ ఎంత భేదమున్నదో నేను చెప్పజాలను. ఆదరణలో ఉన్న భేదం మాత్రం స్పష్టం.

మన ప్రాంతంలో సైకిలుకు కొంత గౌరవం తిరిగి వస్తున్నది. 2023 అక్టోబరు 1న బాహ్యవలయ రహదారి ప్రక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతాలను కలుపుతూ 23 కిలోమీటర్ల సైకిలు మార్గం ప్రారంభమైనది. దానిపై సౌరఫలకాల కప్పు వేసినారు. సంతోషమే. కాని అదే ఉదయాన కాపలా ఉద్యోగం ముగించుకొని, పాత నల్లసైకిలుపై బస్సుల నడుమ ఇంటిదారి పట్టే మనిషికి కూడ క్షేమమైన త్రోవ కావాలి.

సైకిలు ప్రేమికులు తలచుకొంటే ఎంత చేయగలరో ఇటలీలోనే నిదర్శనమున్నది. 1997లో టస్కనీలోని గాయోలె గ్రామాన ‘లెరోయికా’ అనే పాత సైకిళ్ల యాత్ర ప్రారంభమైనది. 1987కు తరువాతి పందెపు సైకిళ్లకు అందులో సాధారణంగా ప్రవేశం లేదు. వేడుకగా కన్పించే ఆ యాత్ర వెనుక, అక్కడి తెల్లని మట్టిదారులను తారు క్రింద కనుమరుగు కాకుండ కాపాడాలనే ఆశయమున్నది. యంత్రం మీది ప్రేమ అక్కడ దారి మీది ప్రేమగా విస్తరించినది.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఆ గాజుమేడలలో ఉద్యోగులవుతారు. మంచి సైకిలు కొనండి, తెల్లవారకముందే బయలుదేరండి. దానిని బాగుచేసే ఉస్తాద్ పేరు అడిగి తెలుసుకొనండి. అతని హునర్‌కు తగిన వెల చెల్లించండి. మీలో కొందరి తండ్రులు, మా అబ్బావలె, నూనె మరకల చేతులతో మీ ఫీజులు కడుతున్నవారై ఉండవచ్చు. “మీ నాన్నగారేమి చేస్తారు?” అని ఎవరైన అడిగినప్పుడు నావలె తప్పుకొనకండి. సైకిళ్లు బాగుచేస్తారని చెప్పండి.