పరుల రక్షణము, మన బాధ్యత

ఇంటి కలహమును తీర్చుటకు పరాయివాని కత్తిని పిలువవచ్చునా అను ప్రశ్న హైదరాబాదు పాతనగరమునకు క్రొత్తది కాదు. చార్మినారు నీడలో రెండువందల యేండ్లకు పైగా జరిగిన రాజకీయమంతయు ఈ యొక్క ప్రశ్నకు లభించిన సమాధానమే యన్నను అతిశయోక్తి కానేరదు. నేడు అణ్వస్త్రధారులగు రాజ్యములు ఒండొరులను బెదరించుకొనుచుండగా, దూరదేశపు ప్రభువులు తీర్పరులమని ముందునకు వచ్చుచున్నారు. ఇట్టి కాలమున ఆ పాత సమాధానములను మరల తిరుగవేసి చూచుట మనకు శ్రేయస్కరము.

2025 ఏప్రిల్ 22వ తేదీన పహల్గాములో ఉగ్రవాదులు 26 మందిని కాల్చిచంపిరి. మే 7వ తేదీన భారతసేన సరిహద్దు కావలి ఉగ్రవాద స్థావరములపై దాడి సలిపినది. నాలుగు దినములు ఇరుపక్షముల విమానములు, డ్రోనులు, క్షిపణులు ఆకాశమును కలచినవి. 10వ తేదీ సాయంకాలమున కాల్పులు నిలిచినవి. ఆ వార్తను ఢిల్లీకంటెను, ఇస్లామాబాదుకంటెను ముందుగా లోకమునకు చాటినవాడు అమెరికా అధ్యక్షుడు. తన మధ్యవర్తిత్వముననే అణుయుద్ధము తప్పినదని ఆయన తరువాత పలుమారులు చెప్పుకొనెను. ఇరుసేనల అధికారులు నేరుగా మాటాడుకొనుటచేతనే కాల్పులు నిలిచినవని, మూడవవాని ప్రసక్తి లేదని భారతప్రభుత్వము వక్కాణించినది. అణ్వస్త్రపు బెదరింపులకు లొంగబోమని ప్రధానమంత్రి ప్రకటించిరి.

యుద్ధము నాపినదెవరను వాదము నేటికిని తెగలేదు. కాని అంతకంటె పెద్ద ప్రశ్న యొకటి కలదు. అది ఆగకుండినచో బాధ్యులెవరు? ఎవరు ఎవరికి లెక్క చెప్పియుందురు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు పారిసునకో న్యూయార్కునకో పోనక్కరలేదు. మూసీనది రెండు గట్లును చాలును.

మలకుపేటకు చేరువనున్న గుట్టపై ఫ్రెంచి సేనాని రేమండు సమాధి యున్నది. 1795లో ఖర్డావద్ద మరాఠాల చేతిలో నిజాము ఆలీఖాను ఓడినపుడు, మిత్రులమని చెప్పుకొనిన ఆంగ్లేయులు తటస్థులమని చేతులు ముడుచుకొనిరి. ఆగ్రహించిన నిజాము ఫ్రెంచివారి పటాలములను పెంచెను. 1798 మార్చిలో రేమండు మరణించెను. ఆ సెప్టెంబరు 1వ తేదీన ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి జరిగెను. అక్టోబరులో సుమారు 14,000 మంది గల ఫ్రెంచి పటాలమును ఆంగ్లసేన చుట్టుముట్టి నిరాయుధులను గావించినది. ఐరోపాలో రెండు జాతులకు గల వైరమును దక్కను నేలపై తీర్చుకొనిరి. ఒక పరాయివానిని వెడలగొట్టుటకు మరియొక పరాయివానిని ఇంట నిలుపుకొనుటయే దాని ఫలము.

ఆ రక్షణమునకు వెల యెంత? 1800లోని సంధిచే బళ్లారి, అనంతపురము, కడప మున్నగు తెలుగుసీమలు సేనల ఖర్చు క్రింద ఆంగ్లేయుల వశమైనవి. దత్తమండలములను పేరు వానికి ఆనాడు కలిగినదే. ఇవ్వబడిన సీమయను ఆ పేరును తుడిచివేసి రాయలసీమ యను పేరు పెట్టుకొనుటకు 1928 వరకు పట్టినది. అంతటితో ఋణము తీరలేదు. మరల సేనల బాకీ పేరిట 1853లో బేరారు చేయిజారెను. కాపుదలకు వచ్చినవాడు మొదట జీతమడుగును. పిమ్మట భూమి నడుగును. తుదకు ఇంటి యజమానిని తన యిష్టము వచ్చినట్లు నడపును. 1857 జూలై 17వ తేదీ, శుక్రవారమునాడు, మక్కా మసీదునుండి బయలుదేరిన జనముతో తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను మూసీ దాటి రెసిడెన్సీపై దండెత్తినది ఈ దాస్యము మీదనే. ఆ యిద్దరిలో ఒకరు తూటాకు బలియైరి. ఒకరు అండమానులకు పంపబడిరి. వారిని అణచుటకు నిజాము ప్రభుత్వమే రెసిడెంటునకు తోడ్పడినది.

రెండవ ఘట్టము 1948. 1947 నవంబరు 29వ తేదీన నిజామునకును భారతప్రభుత్వమునకును యథాతథపు ఒడంబడిక కుదిరినది. అది నిలువలేదు. రజాకారులు పల్లెలను కాల్చుచుండిరి. ఆస్ట్రేలియా దేశీయుడగు సిడ్నీ కాటను చాటుమాటుగా విమానములలో ఆయుధములను చేరవేయుచుండెను. 1948 ఆగస్టు 21వ తేదీన నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపినది. సరిగా ఆ దినములలోనే, హైదరాబాదు భారతదేశమున కలియవలెనని వ్రాసినందుకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖానును కాచిగూడలో నడివీథిని హత్యచేసిరి. లోకపు తీర్పు కోరుచున్న ప్రభుత్వపు రాజధానిలో స్వజనుని కలమునకు రక్షణ లేకపోయెను. ఆ ఫిర్యాదు వెనుక ప్రజలమాట లేదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల?

సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు ప్రవేశించినవి. 16వ తేదీన పారిసులో భద్రతామండలి ఈ విషయమును చర్చకు తీసికొనెను. మరునాడే నిజాము పోరు విరమించెను. కొలది దినములలో ఫిర్యాదును ఉపసంహరించుకొనెను. అయిదు దినములలో ముగిసిన ఆ చర్యను దండయాత్ర యనక ‘పోలీసుచర్య’ యనిరి. హైదరాబాదు భారతదేశపు అంతరంగిక విషయమనియు, పరులకిందు ప్రవేశము లేదనియు వాదించిరి. ఆ వాదము న్యాయమైనదే. ప్రజలు కోరిన ఐక్యమునకు పారిసులోని పదునొకండుగురి అనుమతి యక్కరలేదు.

కాని పత్రికాధర్మ మిక్కడితో ముగియదు. అంతరంగిక విషయమన్నచో లెక్క చెప్పనక్కరలేదని అర్థము కాదు; లెక్క మనకు మనమే చెప్పుకొనవలెనని అర్థము. చర్యానంతరము మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో ముఖ్యముగా ముస్లిములపై ఘోరములు జరిగినవి. వానిని విచారించుటకు ప్రధాని నెహ్రూ పంపిన పండిత సుందరలాలు సంఘము 1948 నవంబరు, డిసెంబరు మాసములలో సంచరించి, తక్కువ యంచనాగా చూచినను 27,000 నుండి 40,000 మంది చనిపోయిరని నివేదించినది. ఆ నివేదిక 2013 వరకు జనసామాన్యమునకు అందలేదు. అరువదియైదు సంవత్సరములు! రజాకారుల దురాగతములు ఈ మరణములకు సమాధానము కాజాలవు. ఈ మరణములు రజాకారుల దురాగతములకు మాఫీ కాజాలవు. రెంటిని రెండు పద్దులుగా వ్రాసి, రెంటికిని బాధ్యులను అడుగుటయే న్యాయము. పాతనగరములో తాత చెప్పిన కథను మనుమడు గుసగుసగా చెప్పుకొనవలసి వచ్చినదన్నచో, ఆ మౌనమునకు బాధ్యత ఫైలును దాచినవారిదే.

అదే 1948 నవంబరులో టోకియోలో జపాను నాయకులపై యుద్ధనేరముల తీర్పు వెలువడినది. భారతీయ న్యాయమూర్తి రాధావినోదపాలు భిన్నాభిప్రాయము వ్రాసిరి. జపాను సేనల క్రౌర్యమును ఆయన కాదనలేదు. గెలిచినవారు తమకు అనువగు చట్టమును తరువాత కల్పించి ఓడినవారిని శిక్షించుట న్యాయము కాదనిరి; హిరోషిమా, నాగసాకీలపై అణుబాంబు వేయించిన నిర్ణయమును ఎవరును విచారింపలేదని ఎత్తిచూపిరి. ఆయన తీర్పుతో అందరును ఏకీభవింపనక్కరలేదు. కాని విజేత తన నేరమునకు తానే న్యాయాధిపతియైన చోట యుద్ధబాధ్యత యను మాట సగము అర్థమునే నిలుపుకొనునని ఆయన చూపిన సత్యము చెక్కుచెదరలేదు.

ఇంతవరకు చెప్పిన యుద్ధములన్నిటికిని ఒక సామాన్యలక్షణము కలదు. వాని తరువాత ఎవరో కొందరు మిగిలిరి. సుందరలాలు పల్లెలు తిరిగి అడుగుటకు సాక్షులుండిరి, టోకియోలో న్యాయస్థానముండెను. అణుయుద్ధమునకు ఆ సౌకర్యము లేదు. అడుగువారును, చెప్పువారును, వ్రాసికొనువారును ఒక్కతూరి పోవుదురు. కావున అణుయుగమున యుద్ధబాధ్యత పిమ్మట తేల్చుకొనదగినది కాదు. ముందుగానే అడిగి తీరవలసినది.

ఈ మాట పాతనగరమునకు దూరపుమాట కాదు. చంద్రాయణగుట్టకు చేరువనున్న కాంచనబాగులో రక్షణ పరిశోధనశాలలు, 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్స్, ప్రత్యేకలోహముల కర్మాగారము మిధాని ఉన్నవి. పృథ్వి, అగ్ని క్షిపణులు రూపొందినది ఇచ్చటి శాస్త్రజ్ఞుల కృషితోనే. ప్రక్కనే బార్కస్, నిజాము కొలువునకు వచ్చిన యెమెను సీమ సైనికుల బారకాసులనుండి ఏర్పడిన పేరది. ఒకనాడు పరదేశపు సిపాయీలను ఉంచిన పేటకు కూతవేటు దూరమున నేడు మన సిపాయీల అస్త్రములు తయారగుచున్నవి. ఇందు గర్వింపదగినది కలదు: మన రక్షణమునకు దత్తమండలములను ధారపోయవలసిన దుర్గతి తప్పినది. భయపడదగినదియు కలదు: అస్త్రములు పుట్టుచోటనే శత్రువు గురి నిలుచును.

2022 మార్చి 9వ తేదీన భారతదేశమునుండి బ్రహ్మోస్ క్షిపణి యొకటి పొరపాటున వెడలి పాకిస్తానులోని మియాన్ చన్ను వద్ద పడినది. అందు పేలుడుపదార్థము లేదు; ప్రాణహాని కలుగలేదు. భారతప్రభుత్వము పొరపాటును ఒప్పుకొని, బాధ్యులగు ముగ్గురు వాయుసేనాధికారులను ఆగస్టులో కొలువునుండి తొలగించినది. ఒప్పుకొనుట మెచ్చదగినది. కాని అది మే 2025 వంటి దినములలో జరిగియుండినచో? ఎదుటివాడు దానిని పొరపాటని నమ్మియుండునా? నమ్మకుండుటకు అతనికి కొలది నిమిషములే చాలును.

సౌప్తికపర్వములో అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరును అస్త్రములు సంధించిరి. వ్యాస నారదులు మధ్య నిలిచి ఉపసంహరింపుడనగా అర్జునుడు మరలించెను. అశ్వత్థామకు వదలుట తెలిసెను గాని మరలించుట తెలియలేదు. ఆ కథలో మధ్యవర్తులకు హస్తినాపురములో సెంటుభూమి కోరిక లేదు. నేటి మధ్యవర్తుల సంగతి యట్లు కాదు. 1971 డిసెంబరులో బంగాళాఖాతమునకు అమెరికా పంపిన నౌకాదళము శాంతిదూతగా రాలేదు. ఆ యేటి ఆగస్టులో మనము చేసికొనిన సోవియట్ ఒడంబడికయు ధర్మార్థము కుదిరినది కాదు. ఇరుపక్షముల లాభము చూచుకొని కుదిరినదే.

అణ్వస్త్రములే శాంతిని కాపాడుచున్నవని వాదించువారు కలరు. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1994లో రష్యా, అమెరికా, బ్రిటనుల హామీపత్రము నమ్మి యుక్రెయిను తన నేలనున్న అణ్వస్త్రములను వదలుకొనెను. హామీ యిచ్చిన రష్యాయే 2022లో దండెత్తి, జోక్యము చేసికొనువారిని అణుబలముతో బెదరించినది. దుర్బలుని మెడలోని హామీపత్రము తాయెత్తు వంటిదే యని లోకము పాఠము నేర్చుకొనినది. అయినను మరియొక పాఠమును విస్మరింపరాదు. 1998 మేలో భారతపాకిస్తానములు రెండును అణుపరీక్షలు జరిపినవి. మరుసటి యేటనే కార్గిలులో యుద్ధము జరిగినది. 2025లో మరల జరిగినది. బాంబు యుద్ధమును నివారింపలేదు. యుద్ధము హద్దు దాటకుండుటకు అది కొంత కారణమై యుండవచ్చును. కాని ఆ హద్దును ప్రతిమారు క్రొత్తగా, కన్నులకు గంతలతో వెదకవలసి వచ్చుచున్నది. 2025 జనవరి నాటికి భారతదేశమువద్ద సుమారు 180, పాకిస్తానువద్ద సుమారు 170 అణ్వస్త్రములున్నవని స్టాక్‌హోము శాంతిపరిశోధనాలయపు అంచనా. ఇన్ని యున్నచోట ఒక్కతూరి హద్దు తప్పినను చాలును.

ఇక మనకర్తవ్య మేమి? పరుల గడప త్రొక్కకుండ మన రెండుదేశములు తామే నడపిన సంప్రదాయమొకటి కలదు. ఒకరి అణుకేంద్రములపై మరియొకరు దాడి చేయరాదను ఒడంబడిక 1988 డిసెంబరు 31వ తేదీన జరిగి, 1991లో అమలునకు వచ్చినది. దాని ప్రకారము ఏటేట జనవరి 1వ తేదీన ఇరువురును తమ కేంద్రముల పట్టీలను మార్చుకొనుచున్నారు. కార్గిలు తరువాతను, పహల్గాము తరువాతను ఈ యాచారము తప్పలేదు. తీవ్రవైరములోను నిలుచు ఇట్టి నియమములను పెంచవలెను. ముందుగా అణ్వస్త్రము ప్రయోగింపమని 2003లో మనము ప్రకటించిన నీతిని సడలింపరాదు. పొరుగువానిని గూడ అందులకు ఒప్పింప యత్నింపవలెను. మాటాడుకొను తంతి యెన్నడును తెగరాదు. ఆ తంతి తెగిననాడే మూడవవాడు వాకిట నిలుచును. అతని వెల 1800లో మనకు తెలిసినదే.

తుదకు మావంటివారి బాధ్యత. ఆ నాలుగు దినములలో కొన్ని వార్తాసంస్థలు కరాచీ రేవు కాలిపోయినదని చాటినవి; అది నిజము కాదు. ఆ వేడిలోనే శంషాబాదులో కరాచీ బేకరీ పలకను కొందరు పగులగొట్టిరి. దేశవిభజనలో సింధు విడిచి కట్టుబట్టలతో భారతదేశమునకు వచ్చిన కుటుంబము 1953లో హైదరాబాదున నెలకొల్పిన దుకాణమది. పోగొట్టుకొనిన ఊరి పేరును తలచుకొనుటయే వారి నేరమైనది. యుద్ధబాధ్యతను మోపుటకు మనుష్యులు దొరకనప్పుడు బిస్కత్తుల అంగడి పేరైనను చాలునన్నమాట.

యుద్ధమునకు బాధ్యుడెవడని అడుగుట దేశద్రోహము కాదు. అడుగకపోవుటయే ఈ నగరమునకు మూడుమారులు ముప్పు తెచ్చినది. 1798లో ప్రజల నెవరును అడుగలేదు. 1948లో అడిగిన సంపాదకుని చంపిరి. జరిగినదానిపై వ్రాసిన నివేదికను దాచిరి. నాలుగవమారు అడుగుటకు తరువాత కాలమనునది ఉండదు. కావున నేడే అడుగవలెను: ఢిల్లీని, ఇస్లామాబాదును, వాషింగ్టనును, అంతకంటె ముందుగా మన కలములను మనమే అడుగవలెను.