రాత్రివేళ మంచమెక్కే బెంగ

మన పల్లెలలో బెంగను బెంగ అని చెప్పుకొనేవారు తక్కువ. "గుండె దడదడలాడుతోంది", "కడుపులో ఏదో తిప్పుతోంది", "ఒళ్ళంతా నీరసం", "నరాల బలహీనత" అంటారు. ఆ మాట పట్టుకొని ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు వెళితే ఆయన చెయ్యి పట్టుకు చూసి ఒక సెలైన్ సీసా ఎక్కిస్తాడు. రెండు గంటల తరువాత లేచిన మనిషికి ప్రాణం కాస్త కుదుటపడినట్లే ఉంటుంది. ఆ సీసాలో ఉన్నది నీళ్ళు, ఉప్పు, ఒక్కోసారి కాస్త చక్కెర. కాని గమనించండి: ఇంట్లో ఏనాడూ పగటిపూట నడుము వాల్చని ఇల్లాలు అక్కడ రెండు గంటలు పడుకొంది. భర్తో, కోడలో కదలకుండా ప్రక్కన కూర్చున్నారు. మేలు చేసింది బహుశా అదేనేమో!

అలాగని గుండెదడ అంతా బెంగే అనుకోకూడదు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె అలాగే కొట్టుకొంటుంది. ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. ఛాతీలో బరువు, చెమటలు, చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి ఉంటే తెల్లవారే వరకు ఆగవద్దు. ఇవేవీ లేవని తేలిన తరువాత కూడా దడ తగ్గనివారి కొరకే ఈ నాలుగు మాటలు.

పొలం గట్టు మీద పాము కనబడిందనుకోండి. ఒక్క క్షణంలో శరీరం పరుగుకు సిద్ధమౌతుంది. ఎడ్రినలిన్ అనే రసం రక్తంలో కలుస్తుంది, గుండె వేగం హెచ్చుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కడుపు తన పని ఆపుతుంది. పాము పొదలోకి పోయాక కాసేపటికి అన్నీ సర్దుకొంటాయి. అయితే వడ్డీ బాకీ, కుదరని సంబంధం, కువైట్ వెళ్ళిన కూతురి నుండి రాని ఫోను, ఇవి పాముల్లాగా పొదలోకి పోయేవి కావు. శరీరానికి ఆ తేడా తెలియదు. కాపలా కుక్క గాలికి ఆకు కదిలినా మొరిగినట్లు రాత్రంతా మొరుగుతూనే ఉంటుంది.

రాత్రే ఎందుకు? పగలు కలుపు తీతలో, వంటలో, పాలు పితకడంలో మనసుకు తీరిక ఉండదు. దీపం ఆర్పి పడుకోగానే పగలంతా వాకిట నిలబడిన బెంగలన్నీ ఒక్కసారి లోపలికి వస్తాయి. అప్పుడు మనవారు చెప్పే సలహా ఒక్కటే: "దాన్ని గురించి ఆలోచించకే, పడుకో." ఈ సలహా ఎందుకు పనికిరాదో 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు ఒక చిన్న పరీక్షతో చూపించారు. కొందరు విద్యార్థులను కూర్చోబెట్టి, అయిదు నిమిషాలపాటు తెల్లని ఎలుగుబంటిని మాత్రం తలచవద్దని, తలపుకు వస్తే గంట కొట్టమని చెప్పారు. వద్దన్న తలంపే మళ్ళీ మళ్ళీ వచ్చింది, గంట మ్రోగుతూనే ఉంది. తరువాత, ఇప్పుడు తలచుకోవచ్చు అన్నప్పుడు, మొదటినుండి తలచుకోనిచ్చిన వారికంటె వీరికే ఎలుగుబంటి ఎక్కువగా జ్ఞాపకం వచ్చింది. బెంగను తరిమినా ఇంతే.

మరి ఏమి చేయాలి? తరమకుండా దానికొక వేళ ఇవ్వాలి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో థామస్ బోర్కోవెక్ అనే ఆచార్యుడు, ఆయన తోటివారు 1983లో ఈ పద్ధతిని వెల్లడి చేశారు. దినానికి అరగంట, ఒకే వేళ, ఒకే చోట, బెంగ కొరకే కేటాయించాలి. మిగతా వేళల్లో బెంగ వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయాలి. వినడానికి నవ్వు వస్తుంది. కాని "ఆలోచించకు" అనే మాట వినని మనసు "తరువాత ఆలోచిద్దాం" అనే మాటను చాలామట్టుకు వింటుంది. బాకీవాణ్ణి పొమ్మంటే పోడు గాని, ఫలానా రోజు రమ్మంటే వెళతాడు కదా!

మన ఇళ్ళలో దీనికి అనువైన వేళ సాయంత్రం, పశువుల పని అయి వంట మొదలుపెట్టక ముందు. చోటు ఏదైనా సరే, మంచం మాత్రం కాకూడదు. మంచం మీద బెంగపడుట అలవాటైతే పక్క పరచగానే బెంగ లేస్తుంది. అరుగు మీద గాని పెరట్లో గాని కూర్చొని, పిల్లల పాత నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి నడుమ గీత గీయండి. ఒక ప్రక్క నా చేతిలో ఉన్నది, రెండవ ప్రక్క నా చేతిలో లేనిది. వాన రెండవ ప్రక్కకు పోతుంది. బ్యాంకు వాయిదా మొదటి ప్రక్కకు వస్తుంది, ఎందుకంటే గడువు దాటక ముందే వెళ్ళి మేనేజరుతో మాట్లాడవచ్చు. కరువు, వరద అని ప్రభుత్వం ప్రకటించిన చోట్ల పంట ఋణాల గడువు మార్చే వీలు ఉంది. అడగనివారికి ఆ సంగతి తెలియకుండానే పోతుంది. కూతురి ఫోను రెండు ప్రక్కలా వస్తుంది: ఆమె క్షేమం మన చేతిలో లేదు, ఆమె ఉన్న ఊరిలోనే పనిచేస్తున్న మన ఊరివారి నంబరు తెలుసుకొని వ్రాసి ఉంచుకొనుట మన చేతిలో ఉంది. మొదటి ప్రక్క నుండి ఒక్కటి తీసుకొని రేపు ఏ వేళకు చేస్తారో వ్రాసుకొనండి. అరగంట కాగానే పుస్తకం మూసి లేవాలి. వ్రాయడం రానివారు భర్తతోనో, తోడికోడలితోనో చెప్పుకొనవచ్చు. పదేళ్ళ పిల్లచేత మాత్రం వ్రాయించవద్దు. ఆ బరువు ఆ పిల్లది కాదు.

అయినా అర్ధరాత్రి మెలకువ వస్తే ఇరవై నిమిషాలు చూసి, లేచి వేరే చోట కూర్చొని, మళ్ళీ నిద్ర వచ్చినప్పుడే పడుకొనండి. ఫోను తీయవద్దు. మిర్చి ధర రాత్రి రెండు గంటలకు చూసినంత మాత్రాన పెరగదు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పొట్ట పైకి లేచేలా గాలి పీల్చి, ఆరు అంకెల వరకు మెల్లగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది, ఎక్కువసేపు వదిలేది అందుకే. పది నిమిషాలు చాలు. పాట పాడినప్పుడు జరిగేది కూడా ఇదే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంవారు 2013లో, కలిసి పాడేవారి గుండెల వేగం ఒకేసారి పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని ప్రకటించారు. మన పెద్దలు నిదానంగా, పొడుగ్గా సాగదీసి పాడే కీర్తనలను పడుచువారు విసుక్కొంటారు గాని, ఊపిరి మాటకు వస్తే ఆ సాగదీతలోనే మేలుంది.

సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, చిక్కటి టీ మానండి. అయిదారు గంటల తరువాత కూడా వాటి చురుకు సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర కొరకు సారా త్రాగే పురుషులకు మొదట నిద్ర పడుతుంది, రెండు మూడు గంటలకు అంతకంటె ఎక్కువ దడతో మెలకువ వస్తుంది. మందుల షాపులో నిద్రమాత్ర అడిగి కొనడం అంతకంటె ప్రమాదం. వాటిలో కొన్ని త్వరగా అలవాటైపోతాయి, ఒక్కసారిగా మానినా కీడే.

ఇక చెప్పక తప్పని సంగతి ఒకటి ఉంది. బెంగపడే మనిషితో "నీకు విశ్వాసం చాలలేదు" అని మన సంఘాలలో అనేవారున్నారు. ఆ మాట విన్న స్త్రీ మరల నోరు విప్పదు. చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పడుకొన్న ఏలీయాకు మొదట దొరికినది నిద్ర, తరువాత నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్ళు, మరల నిద్ర. మాటలు, ప్రయాణం ఆ తరువాతనే. ఈ క్రమాన్ని మనమెందుకో మరచిపోతాము.

వినే మనిషి ఒకరుంటే ఎంత మేలో ఆఫ్రికాలోని జింబాబ్వే దేశం చూపింది. అక్కడి షోనా భాషలో బెంగకు "కుఫుంగిసిసా" అని పేరు, అంటే ఎక్కువగా ఆలోచించుట. దేశంలో మానసిక వైద్యులు వ్రేళ్ళమీద లెక్కించదగినంత మందే. 2006లో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు హరారే నగరంలోని మ్బారే పేటలో 14 మంది అమ్మమ్మలకు తర్ఫీదు ఇచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు నీడన ఒక బల్ల. వచ్చినవారి కష్టాలన్నీ విని, వాటిలో ఒక్కటి ఏరుకొని, దానికి చేయగల పని ఏదో వారిచేతనే చెప్పించడం ఆ అమ్మమ్మల పని. 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తరువాత చూస్తే, మామూలు వైద్యం పొందినవారికంటె బల్లమీద కూర్చున్నవారి బాధ బాగా తగ్గింది. మన ఊళ్ళలో అరుగులకు కొదువ లేదు, వినే పెద్దమ్మలకూ కొదువ లేదు. విన్నది బయట పెట్టకపోవడమొక్కటే నేర్చుకోవాలి. ప్రార్థన అంశం పేరుతో ఒకరి ఇంటి గుట్టు నలుగురిలో చెప్పుట కూడా బయట పెట్టుటయే.

రెండు మూడు వారాలు గడిచినా తిండి, నిద్ర, పని కుదుటపడకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని చూడండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా "బ్రతికి ఏం లాభం" అన్నారంటే మాటవరసకు అన్నారని వదిలివేయవద్దు. చావాలని ఉందా అని సూటిగా అడగండి, అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. ఆ మనిషిని ఒంటరిగా విడువక, పురుగుమందు డబ్బాలన్నీ ఆ రోజే ఇంట్లోనుండి తీసి, పొరుగింటి తాళం క్రింద పెట్టించండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ నోటుపుస్తకం కూడా వెంట తీసుకొని వెళ్ళండి. ఎన్ని రాత్రులు నిద్ర లేదో, ఏ బెంగ ఎన్నిసార్లు వచ్చిందో, ఆయన అడిగే ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే ఉంటాయి.