మీకు తెలుసా? మనసుపెట్టి పనిచేసేవాళ్లనూ బర్నవుట్ వదలదు!

బర్నవుట్‌పై, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడంపై, 1974లో వ్యాసం రాసి దాన్ని వెలుగులోకి తెచ్చిన సైకాలజిస్టు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ స్వయంగా దాని బారిన పడ్డారు. న్యూయార్క్‌లో పగలంతా సొంత ప్రాక్టీసు, రాత్రి పొద్దుపోయేదాకా ఉచిత క్లినిక్‌లో సేవ. చివరికి కుటుంబంతో విహారయాత్రకు బయల్దేరాల్సిన రోజున మంచం మీంచి లేవలేకపోయారు! తన మాటల్ని టేప్‌రికార్డరులో రికార్డు చేసుకుని, విని, తనను తాను పరీక్షించుకున్నారు. అంకితభావంతో చేసేవాళ్లే దీనికి ముందు చిక్కుతారని ఆ వ్యాసంలో రాశారు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, పనిచోట దీర్ఘకాలంగా సరిగా అదుపులోకి రాని ఒత్తిడి ఫలితంగా గుర్తించింది. నీరసం, పనిమీద విరక్తి, ఏం చేసినా చేసినట్టనిపించకపోవడం దాని గుర్తులు. అందుకే సెలవడిగిన ఉద్యోగిని బద్ధకస్తుడనకండి, ముందు అతని పనిభారం చూడండి.