మౌనగోపురములు - రాబందులు

మరణించినవారిని మనలో పలువురు దహనము చేయుదురు. కొందరు భూమిలో పూడ్చిపెట్టుదురు. కట్టెలు అరుదై, నేల గట్టిపడియుండు టిబెట్టు పీఠభూమిలో శవమును రాబందులకు అర్పించు ఆచారము కలదు. వేయి సంవత్సరములకు పూర్వమే పారసీక దేశమునుండి గుజరాతు తీరము చేరిన పార్శీలలోను ఇట్టి ఆచారమే ఉన్నది. కాని దానికి కారణము వేరు.

పార్శీలు జరతుష్ట్రుని మతమువారు. నిప్పు, నీరు, నేల వారికి పవిత్రములు. శవము తగిలి అవి మైలపడరాదని వారి విశ్వాసము. అందుచే శవమునకు స్నానము చేయించి, తెల్లని వస్త్రములు కట్టి, ప్రార్థనల అనంతరము 'దఖ్మా'కు కొనిపోవుదురు. దీనినే మౌనగోపురమందురు. ఇది పైకప్పులేని గుండ్రని కట్టడము. లోపల మూడు వలయములుండును: వెలుపలిది పురుషులకు, నడిమిది స్త్రీలకు, లోపలిది పిల్లలకు. మధ్యనొక లోతైన గుంట కలదు. రాబందులు తినగా మిగిలి, ఎండలో ఎండిన ఎముకలు అందు చేరును. ధనికుని ఎముకలును, పేదవాని ఎముకలును అచ్చట ఒక్కటిగా కలిసిపోవును. ముంబయిలో మలబారు కొండమీది దఖ్మాలు ప్రసిద్ధములు. మన సికింద్రాబాదులోని పార్శీగుట్టకు ఆ పేరు వచ్చినది కూడ దఖ్మావలననే.

ఈ ఆచారమునకు రాబందులే ఆధారము. 1990 తరువాత అవి భారతదేశమున వేగముగా నశింపసాగినవి. 1992లో 1000 తెల్లవీపు రాబందులున్నవనుకొన్నచో, 2007 నాటికి మిగిలినది ఒక్కటి మాత్రమే. ఇట్లేల జరిగినది?

రాబందు జఠరరసము ఘాటైన ఆమ్లము. కుళ్ళిన మాంసములోని పెక్కు సూక్ష్మజీవులు అందు నశించును. అట్టి పక్షిని చంపినది రోగము కాదు, ఒక మందు. పాకిస్తానులో చచ్చిన రాబందులను కోసి పరీక్షించిన లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు 2004లో ఈ సంగతి ప్రకటించిరి. పశువులకు నొప్పి తగ్గుటకిచ్చు డైక్లోఫెనాక్ ఆ పశువు కళేబరము ద్వారా రాబందు శరీరమున చేరి మూత్రపిండములను పాడుచేయును. అప్పుడు యూరిక్ ఆమ్లము బయటకు పోక, లోపలి అవయవములపై తెల్లని పొడివలె పేరుకొనును. కొలది దినములలోనే పక్షి చచ్చును. ఒక్క కళేబరముపై పెక్కు రాబందులు వాలును గనుక, నూటికి ఒక కళేబరములో ఈ మందున్నను జాతి నశించుటకు చాలును.

రాబందులు లేకపోగా ముంబయి దఖ్మాలలో సూర్యకిరణములను కేంద్రీకరించు పరికరములను అమర్చిరి. కాని వానకాలమున మబ్బులు క్రమ్మినపుడు అవి పనిచేయవు. దహనము కోరు పార్శీల కొరకు 2015లో వర్లీ శ్మశానమున ప్రార్థనామందిరము ఏర్పడినది. పూర్వాచారమును విడువరాదని పలువురి పట్టుదల. కాలానుగుణముగా మారవలెనని మరికొందరి అభిప్రాయము.

పశువులకు డైక్లోఫెనాక్ వాడుటను మన ప్రభుత్వము 2006లో నిషేధించినది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మందు దానికి బదులుగా ఉన్నది. అయినను రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డే పెట్టును. దాని పిల్ల ఎదిగి గ్రుడ్డు పెట్టుటకు సుమారు అయిదేండ్లు పట్టును. పదిహేనేండ్లలో పోయిన సంతతి తిరిగి పెరుగుటకు ఎన్ని తరములు కావలెనో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును.