కొయ్యపై కెల్టిక్ ముడుల అల్లిక

వాద్యము వాయించువారు స్వరలిపి పుస్తకమును ఆనించుకొను ఏటవాలు పలకను పాశ్చాత్యులు మ్యూజిక్ స్టాండు అందురు. దానిపై కెల్టిక్ ముడులు చెక్కదలచినవానికి ఉలికంటె ముందు అంకగణితము అవసరము.

సుమారు 800 నాటి కెల్స్ గ్రంథములో ఈ అల్లిక అద్భుతముగ కనబడును. ఆ గ్రంథము డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో నున్నది. మన మెలికల ముగ్గు నెరిగినవారికి దీని మర్మము కొత్తకాదు. 3 వరుసలలో వరుసకు 4 చుక్కలు పెట్టి, నడుమ ఏటవాలుగ గీత నడిపి, అంచు తగిలినచోట మరలించినచో, ఒకే గీత అన్నిటిని చుట్టి మొదటికి వచ్చును. 4 వరుసలు, 6 చుక్కలైనచో రెండు గీతలు కావలెను. ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకమే గీతల సంఖ్య! ఎడతెగని ఒకే తాడు కోరువాడు 7, 8 వంటి జంటను ఎన్నుకొనవలెను. కొన్ని కూడళ్ళను తెంచి కొనలను వేరుగ కలిపిననే ముడులు ఏర్పడును. అపుడు ఈ లెక్క మారవచ్చును. రెండు వేరు తాళ్ళు దాటుకొను కూడలిని తెంచి కలిపినచో అవి ఒకటగును.

తాడు వెంట ఒకచోట పైన, తరువాత క్రింద అని చెక్కుచు పోవలెను. ఒకే తాడైనపుడు తికమక రాదు. ఒక కూడలికి తిరిగివచ్చులోపల దాటిన దాటుల సంఖ్య ఎల్లపుడు సరిసంఖ్యయే.

అసలు చిక్కు కొయ్యతోనే. పలకను ఆరపార తొలిచినచో మిగులు సన్నని పట్టీలు నారకు ఏటవాలుగ పోవును. నార తెగినచోట కొయ్య సులభముగ విరుగును. పొరపొరకు నార దిశ మారు ప్లైవుడ్డు ఒక ఉపాయము. గట్టి కొయ్యయే కావలెనన్నచో, వెనుక భాగమును తొలవక ఉబ్బెత్తుగ చెక్కుట మేలు. మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు చాలును. మిగిలిన పని నీడ చేయును.