ఓడకు తాళం, బ్యాంకులో తాళంచెవి

2023 సార్వాలో మురమళ్ళలో ఊడ్పులు సాగుతున్నాయి. గట్టు మీద అన్నాలు తింటుంటే ఒక చెల్లెమ్మ అడిగింది: ‘‘బియ్యం బయటి దేశాలకి పంపకుండా ఆపేశారంట కదా అన్నయ్యా, మరి లారీలు యెదుర్లంక వంతెన మీద కాకినాడకి పోతానే ఉన్నాయేంటి?’’

సరైన ప్రశ్నే. ఆ జూలై 20న కేంద్రం ఆపింది బాస్మతి కాని తెల్ల బియ్యాన్నే. ఉప్పుడు బియ్యాన్ని ఆపలేదు. ఆగస్టు 25న వాటి మీద 20 శాతం సుంకం వేశారు. అందులోనూ ఒక సందు: అప్పటికే రేవుకు చేరి, ఆ తేదీకి ముందే ఎల్.సి. ఉన్న సరుక్కి మినహాయింపు ఇచ్చారు.

ఎల్.సి. అంటే కొనేవాడి బ్యాంకు మన వ్యాపారి బ్యాంకుకు పంపే హామీ కాగితం. సరుకు ఓడకెక్కించిన పత్రాలు చూపించండి, డబ్బు మేమిస్తాం అని. బ్యాంకుల మధ్య ఇది స్విఫ్ట్ అనే ఏర్పాటు మీద, తంతి కబురులా వస్తుంది. సర్కారు ఆపమన్నరోజుకి ముందు బేరమా, తర్వాతి బేరమా తేల్చేది ఆ కాగితం మీద తేదీ. రేవులో కస్టమ్స్ ఒక కాపలా అయితే, బ్యాంకు రెండోది.

ఆ కాపలా సంగతి గోధుమల్లో బయటపడింది. 2022 మే 13న గోధుమ ఎగుమతి ఆపి, అప్పటికే ఎల్.సి. ఉన్నవాళ్ళని పంపుకోనిచ్చారు. ఇంకేం, పాత తేదీల ఎల్.సి.లు పుట్టుకొచ్చాయి! ప్రతి ఎల్.సి.నీ స్వయంగా పరిశీలించాలనీ, స్విఫ్ట్ తేదీతో సరిచూడాలనీ, బ్యాంకువాళ్ళ చెయ్యి ఉంటే వాళ్ళ మీదా చర్య తీసుకోవాలనీ ఆ నెలాఖరులో కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ ఆదేశించాల్సి వచ్చింది.

పైగా బ్యాంకు చూసేది కాగితాన్నే, బస్తాని కాదు. అంతర్జాతీయ ఎల్.సి. నిబంధనే అలా ఉంది. 2024 నవంబరులో కాకినాడ దగ్గర స్టెల్లా ఎల్ ఓడలో రేషను బియ్యం ఉన్నాయని అధికారులే చెప్పారు. ఇవి రేషను బియ్యమని ఏ వ్యాపారి పత్రంలో రాస్తాడు?

నిషేధమనగానే చప్పట్లు కొట్టమని నేననను. 2008లో పెట్టిన నిషేధం 2011 సెప్టెంబరు దాకా సాగింది. ఆ ఏడే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ధర పడిపోవడానికి నిషేధం కూడా కారణమన్నారు. చేలు బీడు పడితే పస్తున్నది మనం. బియ్యం ధర పెరిగినా కొనుక్కునేది మనమే.

నా కోపం ఇంకోచోట. 2019 చట్టం కౌలు కార్డుకి భూయజమాని సంతకం కావాలంది. సంతకం దొరక్క బ్యాంకు గుమ్మం నుంచి వెనక్కొచ్చిన కౌలుదార్లని ఎంతమందినో చూశాను. పెట్టుబడి అప్పుకి అంత గాలింపు. ఓడెడు గోధుమలకి మాత్రం తేదీ చూసే తీరిక లేకపోయింది.

తెల్ల బియ్యం నిషేధం 2024 సెప్టెంబరు 28న ఎత్తేశారు. మళ్ళీ పెడితే ఎల్.సి. తేదీ, స్విఫ్ట్ తేదీ రెండూ వ్యాపారుల పేర్లతో సహా రేవు గోడకి అంటించమని అడుగుదామని మొన్న ఆ చెల్లెమ్మతో అన్నాను.

‘‘అంటించమనండి. మా పిల్లోడి చేత చదివించుకుంటాం’’ అంది.